స్పెక్ట్రమ్ అంటే రంగులేనా?

స్పెక్ట్రమ్ అనే మాట మీకు కొత్తది కాదు. భౌతిక శాస్త్రం పుస్తకంలో పట్టకం బొమ్మ పక్కన దాన్ని "వర్ణపటం" అని చదివే ఉంటారు. అదే మాట వార్తాపత్రికలో మరో వేషంలో కనబడుతుంది. ప్రభుత్వం స్పెక్ట్రమ్‌ను వేలం వేసిందనీ, ఫలానా టెలిఫోను కంపెనీ ఇన్ని వేల కోట్లకు పాడుకుందనీ రాస్తారు. జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళ్తే, "ఇది బ్రాడ్ స్పెక్ట్రమ్ మందు" అంటాడు డాక్టరు. రంగుల్ని వేలం వేయడమేమిటి? మాత్రలో వర్ణపటం ఉండడమేమిటి?

ఒకే మాట ఇన్ని చోట్ల తిరుగుతోందంటే దాని వెనక ఒక కథ ఉండాలి. ఆ కథ ఒక దెయ్యంతో మొదలవుతుంది.

లాటిన్ భాషలో "స్పెకెరె" అంటే చూడడం. కళ్లజోడును ఇంగ్లీషువాళ్లు స్పెక్టకిల్స్ అనడం, తనిఖీకి వచ్చే ఆయనను ఇన్‌స్పెక్టరు అనడం ఆ ధాతువు నుంచి వచ్చినవే. స్పెక్ట్రమ్ కూడా ఆ కుటుంబంలోదే. కంటికి కనబడే రూపం, ఛాయ అని దాని అర్థం. 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులో స్పెక్ట్రమ్ అంటే అచ్చంగా దెయ్యమే. కనబడుతుంది గాని చేతికి దొరకదు!

ఈ మాటను కాంతికి అంటగట్టినవాడు ఐజాక్ న్యూటన్. 1666లో ఆయన ఒక గాజు పట్టకం సంపాదించాడు. గదిని చీకటి చేసి, కిటికీ తలుపుకు పావు అంగుళం వెడల్పున్న గుండ్రటి రంధ్రం చేశాడు. అందులోంచి వచ్చే ఎండను పట్టకం గుండా పోనిచ్చి, 22 అడుగుల దూరంలో ఉన్న గోడమీద పడేట్టు చేశాడు. గోడమీద రంగులు కనబడ్డాయి. అందులో వింతేమీ లేదు. పట్టకంలో రంగులు కనబడతాయని అంతకుముందే అందరికీ తెలుసు. న్యూటన్‌ను ఆశ్చర్యపరచినది రంగులు కాదు, వాటి ఆకారం. రంధ్రం గుండ్రంగా ఉంది, సూర్యబింబం గుండ్రంగా ఉంది. గోడమీద బొమ్మ కూడా గుండ్రంగా ఉండాలి గదా? ఆయన కొలిచి చూస్తే వెడల్పు రెండున్నర అంగుళాలకు కాస్త పైన, పొడవు పదమూడుంపావు అంగుళాలు! అంటే వెడల్పు కన్నా పొడవు అయిదు రెట్లు. 1672లో అచ్చయిన ఉత్తరంలో ఆయన ఈ సాగిన రంగుల బొమ్మకు స్పెక్ట్రమ్ అని పేరు పెట్టాడు. చీకటి గదిలో గోడమీద తేలే రంగుల నీడకు ఆ పేరు ఎందుకు తోచిందో ఊహించడం కష్టం కాదు.

మరి బొమ్మ ఎందుకు సాగింది? కల్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవారికి ఇది చప్పున బోధపడుతుంది. చేటలోని ధాన్యాన్ని ఎత్తునుంచి గాలికి వదులుతారు. గట్టి గింజలు దగ్గరగా రాలతాయి. తాలు గింజలు కొంచెం అవతల పడతాయి. పొట్టు ఇంకా అవతలికి కొట్టుకుపోతుంది. చేటలో గుట్టగా ఉన్నది నేలమీద బారుగా పరుచుకుంటుంది. గాలి ఇక్కడ కొత్తగా ఏదీ తయారు చేయలేదు. కలిసి ఉన్నవాటిని బరువు వరుసలో విడదీసింది, అంతే. పట్టకం తెల్లని కాంతికి చేసేదీ ఇదే. ఎరుపు తక్కువ వంగుతుంది, ఊదా ఎక్కువ వంగుతుంది, మిగతావి మధ్యలో సర్దుకుంటాయి.

"పట్టకమే రంగు పులుముతోందేమో?" అని మీరు అడగవచ్చు. న్యూటన్‌కు ముందు చాలామంది అలాగే అనుకున్నారు. అందుకే ఆయన ఆ పట్టీలోంచి ఒక్క రంగును మాత్రం వేరుచేసి రెండో పట్టకం గుండా పంపాడు. ఎరుపు వంగింది గాని ఎరుపుగానే ఉండిపోయింది. ఒకసారి తూర్పారబట్టిన గట్టి గింజల్ని మళ్లీ గాలికి వదిలితే అందులోంచి పొట్టు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంతకూ కాంతిని ఏ వరుసలో పరిచినట్టు? తరంగదైర్ఘ్యం వరుసలో. ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 700 నానోమీటర్లు, ఊదాది సుమారు 400. నానోమీటరంటే మీటరులో 100 కోట్లవ వంతు. ఈ రెంటి మధ్య గీతలు గీసి ఏడు గదులు కట్టింది ప్రకృతి కాదు, మనమే. న్యూటన్ కూడా మొదట అయిదు రంగులే లెక్కపెట్టాడు. సంగీతంలో ఏడు స్వరాలున్నట్టు ఇక్కడా ఏడు ఉండాలని తోచి, నారింజనూ నీలిమందు రంగునూ తరువాత చేర్చాడు. హరివిల్లులో (తెలంగాణలో సింగిడి అంటారు) నీలానికీ ఊదాకూ మధ్య ఆ నీలిమందు రంగు మీకు విడిగా కనబడకపోతే కంగారు పడకండి. చాలామందికి కనబడదు.

ఇప్పుడు స్పెక్ట్రమ్‌కు ఒక లక్షణం చెప్పుకోవచ్చు. కలగాపులగంగా ఉన్నదాన్ని ఏదో ఒక కొలత ప్రకారం విడదీసి వరుసగా పరిస్తే వచ్చేదే స్పెక్ట్రమ్. ఈ మాట ఎక్కడ ఎదురైనా రెండు ప్రశ్నలు వేయండి: విడదీసింది దేన్ని? ఏ కొలత వరుసలో పరిచారు?

మన "వర్ణపటం" అనే మాట చక్కనిదే. పటమంటే గుడ్డ, రంగులు పరచిన గుడ్డ అన్నమాట. కాని నన్నడిగితే ఇందులో బలమంతా "పటం"లోనే ఉంది, "వర్ణం"లో లేదు. ఎందుకంటే వర్ణం త్వరలోనే చాలకుండా పోయింది.

1800లో విలియం హెర్షెల్ ఏ రంగులో ఎంత వేడి ఉందో చూద్దామని వర్ణపటంలో ఒక్కొక్కచోట థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటి, ఏ రంగూ లేని చోట పెడితే పాదరసం ఇంకా పైకి లేచింది! ఆ కనబడని కాంతే పరారుణ కాంతి. మరుసటి ఏడాది రిట్టర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రెండో కొసన వెతికాడు. వెలుగు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడు, ఊదా రంగుకు అవతల చీకటిగా ఉన్నచోట ఇంకా తొందరగా నల్లబడింది. అది అతినీలలోహిత కాంతి. వర్ణపటం గుడ్డ రెండు వైపులా వర్ణం లేని చోటికి కూడా పరుచుకొని ఉందన్నమాట.

వర్ణానికి అక్షరం అనే అర్థం కూడా ఉంది గదా, వర్ణమాల అంటాం. చిత్రమేమిటంటే, వర్ణపటంలో నిజంగానే ఒక రాత బయటపడింది.

యోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. మ్యూనిక్ నగరంలో ఒక గాజు పనివాడి దగ్గర పని నేర్చుకోవడానికి చేర్చారు. 1801లో ఆ ఇల్లు కూలిపోయింది. 14 ఏళ్ల కుర్రవాణ్ణి శిథిలాల కిందనుంచి ప్రాణాలతో బయటికి తీశారు. అది చూసిన బవేరియా పాలకుడు జాలిపడి కొంత డబ్బిచ్చాడు. ఆ డబ్బు కుర్రవాడి చదువుకు ఆసరా అయింది. అతడే పెద్దవాడై ఐరోపాలో సాటిలేని కటకాలు తయారు చేశాడు. గాజు నాణ్యం కొలవడానికి 1814లో సూర్యకాంతిని బాగా వెడల్పుగా పరిచి దుర్భిణితో చూస్తే, రంగుల మధ్య అక్కడక్కడ సన్నని నల్లని గీతలు కనిపించాయి. అంతకుముందే 1802లో వొలాస్టన్ అనే ఆయన కొన్నిటిని చూశాడు గాని పట్టించుకోలేదు. ఫ్రాన్‌హోఫర్ 500కు పైగా గీతల స్థానాలను గుర్తించి, ముఖ్యమైనవాటికి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టాడు. పసుపు రంగులో ఉన్న జంట గీత "డి". ఈ గీతలేమిటో చెప్పలేకుండానే 1826లో, 39వ ఏట చనిపోయాడు.

1835లో ఆగస్ట్ కోంట్ అనే ఫ్రెంచి తత్వవేత్త, నక్షత్రాలు ఏ పదార్థాలతో తయారయ్యాయో మానవుడు ఎన్నటికీ తెలుసుకోలేడని రాశాడు. అప్పటికి అది సబబైన మాటే. నక్షత్రం ముక్కను తెచ్చి పరీక్షనాళికలో వేయలేం గదా! కోంట్ 1857లో మరణించాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ మాట తప్పయిపోయింది.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్‌సెన్ రసాయన శాస్త్రజ్ఞుడు, కిర్కాఫ్ భౌతిక శాస్త్రజ్ఞుడు. ప్రయోగశాలలో మీరు వాడే బున్‌సెన్ బర్నరు పేరు ఆయనదే. ఆ మంటలో ఉప్పు వేస్తే పసుపుగా వెలుగుతుంది. (ఇంట్లో పొయ్యి మీది ఉప్పునీళ్లు పొంగి మంటమీద పడ్డప్పుడు చూడండి.) ఆ వెలుగును పట్టకం గుండా చూస్తే వర్ణపటమంతా ఉండదు, చీకట్లో పసుపు గీతల జంట ఒక్కటే మెరుస్తుంది. అది ఉప్పులోని సోడియం ముద్ర. ప్రతి మూలకానికీ ఇలాంటి సొంత గీతలున్నాయి, వేలిముద్రల్లాగా. సోడియం పసుపు జంట సరిగ్గా ఎక్కడ మెరుస్తుందో, సూర్యుడి వర్ణపటంలో నల్లని డి జంట కూడా సరిగ్గా అక్కడే ఉంది! వేడెక్కిన ఆవిరి ఏ రంగులను వెదజల్లగలదో, తనగుండా పోయే వెలుగులోంచి ఆ రంగులనే మింగుతుందని 1859లో కిర్కాఫ్ తేల్చాడు. అంటే సూర్యుడి పై పొరల్లో సోడియం ఆవిరి ఉండి, లోపలినుంచి వచ్చే వెలుగులోంచి తన వాటా తాను మింగేసింది. సుమారు తొమ్మిది కోట్ల ముప్పై లక్షల మైళ్ల దూరంలో ఉన్న ఉప్పు సంగతి ఒక గాజుముక్కతో తెలిసింది.

ఈ పద్ధతితోనే వాళ్లు రెండు కొత్త మూలకాలను పట్టుకున్నారు: 1860లో నీలి గీతలున్న సీజియం, 1861లో ఎర్ర గీతలున్న రుబీడియం. చూడదగినంత సీజియం లవణం కోసం బున్‌సెన్ 40 టన్నులకు పైగా ఊటనీళ్లను ఇగిర్చాడు. గీతలు మాత్రం ఒక్క చుక్కలోనే కనబడ్డాయి!

మీరు కూడా ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పాత సీడీ ఒకటి తీసుకొని, రాత్రిపూట దాని మెరిసే వైపున ట్యూబులైటు వెలుగు పడేట్టు ఏటవాలుగా పట్టుకోండి. రంగులు విడివిడి పట్టీలుగా కనబడతాయి. ఎల్.ఇ.డి. బల్బు ముందు పట్టుకుంటే ఎరుపునుంచి ఊదా దాకా దాదాపు తెంపు లేకుండా ఉంటాయి. కంటికి రెండూ తెల్లని వెలుగులే, లోపలి సరుకు వేరు. సూర్యుణ్ణి మాత్రం సీడీలో గాని, మరెందులో గాని చూడబోకండి.

ఈ కథలో మన గుంటూరుకు చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం మీదుగా పోతుందని ముందే లెక్కకట్టి దూరదేశాలనుంచి శాస్త్రజ్ఞులు వచ్చారు. ఫ్రాన్సునుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మేజర్ టెన్నెంట్ నాయకత్వాన ఇంగ్లీషు బృందం కూడా గుంటూరుకే వచ్చింది. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అందరి దగ్గరా వర్ణపటదర్శినులున్నాయి. అందరికీ కావలసింది ఒక్కటే: గ్రహణవేళ సూర్యుడి అంచున ఎర్రగా లేచే జ్వాలలు ఏమిటో తేల్చడం.

చీకటి పడింది. వర్ణపటదర్శినిలో ఆ జ్వాలలనుంచి మెరిసే గీతలు కనబడ్డాయి. నల్లని గీతలు కావు, వెలుగు గీతలు. అంటే అవి మండే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఉన్నది కొద్ది నిమిషాలే. కాని జాన్సెన్‌కు ఒక సంగతి తట్టింది: ఈ గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయే, గ్రహణం లేకపోయినా కనబడకూడదా? మర్నాడు ఉదయం మామూలు ఎండలో దర్శినిని సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. కనబడ్డాయి! గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే అవసరం గుంటూరులో తీరిపోయింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఈ సంగతేమీ తెలియకుండానే అక్టోబరు 20న అదే పని చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్‌లోని సైన్సు అకాడమీకి ఒకే రోజున చేరాయి. ఫ్రెంచి ప్రభుత్వం తరువాత ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం వేయించింది.

ఆ గీతల్లో ఒక పసుపు గీత ఉంది. గ్రహణం నాడు దాన్ని చూసినవారిలో చాలామంది సోడియమే అనుకున్నారు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ కొత్త గీత స్థానం 587.6. తేడా రెండు నానోమీటర్లైనా లేదు! లాకియర్ జాగ్రత్తగా కొలిచి, ఇది సోడియం కాదు, భూమిమీద తెలిసిన ఏ మూలకమూ కాదన్నాడు. గ్రీకులో హీలియోస్ అంటే సూర్యుడు. అందుకని హీలియం అన్నారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రాంసే యురేనియం ఉన్న ఒక ఖనిజంనుంచి వచ్చిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత కనబడింది. "జాన్సెన్ గుంటూరులో హీలియం కనుక్కున్నాడు" అని మనవాళ్లు గర్వంగా రాస్తూ ఉంటారు. ఖచ్చితంగా చెప్పాలంటే గుంటూరులో ఆయన కనుక్కున్నది పద్ధతి. కొత్త మూలకం ఉందని అక్కడ ఆయన అనలేదు. నా దృష్టిలో గుంటూరుకు ఆ పద్ధతి గొప్ప చాలు.

సరే, వేలంపాట సంగతికి వద్దాం. వెలుగు విద్యుదయస్కాంత తరంగమని 1865లో మాక్స్‌వెల్ గణితంతో చెప్పాడు. 1887లో హెర్ట్‌జ్ అదే జాతికి చెందిన పొడవాటి తరంగాలను ప్రయోగశాలలో పుట్టించాడు. అవే రేడియో తరంగాలు. పరారుణం దాటి ఇంకా ముందుకు పోతే వర్ణపటం గుడ్డ వీటి దాకా పరుచుకొని ఉంటుంది. మీ తాతగారి పాత రేడియో ఇంట్లో ఉంటే ముందు భాగం చూడండి. గాజు పలక మీద అంకెల వరుస, దాని వెనక కదిలే ముల్లు ఉంటాయి. అది స్పెక్ట్రమ్‌లో ఒక ముక్క! దశాబ్దాలపాటు విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్‌జ్ దగ్గర పలికింది. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. ఎఫ్.ఎం. కేంద్రాలు 88నుంచి 108 మెగాహెర్ట్‌జ్ మధ్య సర్దుకుంటాయి. సెల్‌ఫోన్లు ఇంకా పైన, వందల, వేల మెగాహెర్ట్‌జ్‌లలో ఉంటాయి.

ఒకే ఊళ్లో ఇద్దరు ఒకే చోట ప్రసారం చేస్తే రెండూ కలిసిపోయి ఎవరి మాటా వినబడదు. కాబట్టి చేలకు గట్లు వేసినట్టు ఈ వరుసను హద్దులు పెట్టి పంచాలి. మంచి చేను కొద్దిగానే ఉంటుంది, కావలసినవాళ్లు ఎక్కువ. అందుకే వేలం. కంపెనీ కొనేది తరంగాలను కాదు. ఇంతనుంచి ఇంత దాకా పౌనఃపున్యాలను ఇన్నేళ్లు ఈ ప్రాంతంలో వాడుకునే హక్కును కొంటుంది. ఈ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో వేలం లేకుండా, ముందొచ్చినవారికి ముందు అనే పద్ధతిలో ఇచ్చిన 122 లైసెన్సులను 2012 ఫిబ్రవరి 2న ఆ కోర్టే రద్దు చేసింది. కంటికి కనబడని, చేతికి దొరకని వస్తువు మీద అంత పెద్ద వ్యాజ్యం! పాత దెయ్యం అర్థం ఇక్కడ మళ్లీ కొంచెం అతుకుతుంది.

వెలుగు జాతి కానివాటికీ ఈ మాట పాకింది. 1919లో ఫ్రాన్సిస్ ఆస్టన్ కేంబ్రిడ్జిలో విద్యుదావేశమిచ్చిన పరమాణువులను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా పంపాడు. తేలికవి ఎక్కువ వంగాయి, బరువైనవి తక్కువ వంగాయి. ఇది అచ్చంగా తూర్పారబట్టడమే, కాని పరమాణువులను! నియాన్ పరమాణు భారం 20.2 అని అప్పటికి లెక్క. ఆస్టన్ పరిచి చూస్తే 20.2 దగ్గర ఏమీ లేదు. 20 దగ్గర ఒక గీత, 22 దగ్గర ఒక గీత ఉన్నాయి. నూటికి 90 మొదటివి, రమారమి 9 రెండోవి. సగటు తీస్తే 20.2 వస్తుంది. దీన్ని మన పుస్తకాల్లో "ద్రవ్యరాశి వర్ణపటం" అంటారు. వర్ణం లేని వర్ణపటం! నవ్వొచ్చినా, అలవాటైన పేరు. ధ్వనికీ ఇలాగే ఉంది. తంబురా, వేణువు ఒకే శ్రుతిలో పలికినా గుర్తుపడతాం. ప్రధాన స్వరంతోపాటు పలికే అనుస్వరాల పాళ్లు వేరు కాబట్టి.

ఇక డాక్టరు చీటీ. తొలిరోజుల పెన్సిలిన్ కొన్ని జాతుల బాక్టీరియాల మీదే బాగా పనిచేసేది. 1948లో లెడర్లే సంస్థనుంచి ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవినుంచి పట్టుకున్నవాడు బెంజమిన్ డగ్గర్. అప్పుడక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. అది చాలా రకాల బాక్టీరియాలను అదుపు చేసింది. ఇలాంటి మందులకే బ్రాడ్ స్పెక్ట్రమ్ అని పేరు. మన రెండు ప్రశ్నలు ఇక్కడ వేయండి. విడదీసింది దేన్ని? బాక్టీరియాలను. ఏ కొలత వరుసలో? అలాంటి కొలత ఏదీ లేదు! "చాలా రకాలు" అనడానికి మాటను అరువు తెచ్చుకున్నారు. విస్తృతమైనదంటే బలమైనదని అర్థం కాదు. అది కడుపులోని మేలు చేసే బాక్టీరియాలనూ చంపుతుంది. అడ్డూ అదుపూ లేకుండా వాడితే మందుకు లొంగని బాక్టీరియాలు పెరుగుతాయి. అందుకని డాక్టరు చెప్పకుండా మందుల షాపులో అడిగి కొనుక్కోవలసిన మందు కాదు.

ఇంకొక అరువు మరీ జాగ్రత్తగా వాడవలసినది: ఆటిజం స్పెక్ట్రమ్. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన సూచికలో, అంతకుముందు వేర్వేరు పేర్లతో ఉన్న కొన్ని స్థితులను ఈ ఒక్క పేరు కిందకు తెచ్చింది. ఈ మాట వినగానే చాలామంది మనసులో ఒక పట్టీ గీసుకుంటారు. ఒక కొసన "కొంచెం", రెండో కొసన "బాగా ఎక్కువ" అని పెట్టి, ప్రతి పిల్లవాణ్ణీ ఎక్కడో ఒకచోట నిలబెడతారు. కాని ఇక్కడ కొలవవలసినవి అనేకం: మాట, నలుగురిలో మెలగడం, చప్పుడును, వెలుతురును తట్టుకోవడం, మార్పును ఓర్చుకోవడం. ఒక అమ్మాయి గడగడా మాట్లాడుతుంది, కాని ప్రార్థన గంట మోగితే చెవులు మూసుకొని వణికిపోతుంది. ఒక అబ్బాయి నోట మాట రాదు, కాని ఆ గంట వాణ్ణి ఏమీ చెయ్యదు. రోజూ కూర్చునే బెంచీ మార్చితేనే తల్లడిల్లిపోతాడు. వాళ్లిద్దరిలో ఎరుపు వైపు ఎవరు, ఊదా వైపు ఎవరు అని అడిగితే జవాబు లేదు.